డీజిల్ పోయగానే సెల్ఫ్ కొట్టకండి

మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం స్టాండుల్లో బండి మీద బతికేవాళ్ళకు నల్లమల దారులు కొత్త కాదు. ఒకరు ఆసుపత్రి కిరాయికి గిద్దలూరు నుంచి ఘాటు దాటి నంద్యాల వెళ్తారు. ఇంకొకరు దోర్నాల మీదుగా యాత్రికుల్ని శ్రీశైలం తీసుకెళ్తారు. మరొకరు మార్కాపురం పలకల లోడో, మిరపకాయ టిక్కీలో వేసుకుని గుంటూరు బాట పడతారు. ఈ దారుల్లో డీజిల్ అయిపోయి బండి ఆగితే పోయేది ఒక పూట పని, కాస్త పరువు. పెద్ద ఖర్చు ఆ తర్వాత వస్తుంది. ఎవరో బైకు మీద క్యాను తెచ్చిస్తారు. డ్రైవరు గబగబా ట్యాంకులో వంచి సెల్ఫ్ కొడతాడు. పట్టదు. మళ్ళీ కొడతాడు. బ్యాటరీ దిగేదాకా కొడుతూనే ఉంటాడు. తెచ్చిన డీజిల్ ట్యాంకులోనే ఉంటుంది, ఇంజన్ దాకా చేరదు.

ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య ఉన్న పైపుల్లో, ఫిల్టర్లో డీజిల్ ఖాళీ అయిన చోటల్లా గాలి చేరి ఉంటుంది. ముందు ఆ గాలి బయటికి పోవాలి, తర్వాతే సెల్ఫ్. ఈ వరుస తప్పితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ చస్తుంది, కొత్త రకం డీజిల్ బండ్లలో అయితే వేలకు వేలు పలికే పంపే అరిగిపోతుంది.

మొదటి జర్కు దగ్గరే ఆపండి

డీజిల్ అయిపోతున్న బండి చెప్పకుండా ఆగదు. ఎక్కుడులో జర్కులిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినా అందుకోదు. అప్పుడు చాలామంది ‘ఇంకో రెండు కిలోమీటర్లు లాగుదాం’ అని తొక్కుతారు. పైపుల్లో మిగిలిన కాస్త డీజిల్‌నీ ఇంజన్ పీల్చేసేది ఆ రెండు కిలోమీటర్లలోనే. మొదటి జర్కుకే పక్కకు తీసి ఆపిన బండి, డీజిల్ పోశాక చాలాసార్లు పెద్ద తంటా లేకుండానే అందుకుంటుంది. పూర్తిగా ఎండబెట్టిన బండికే గాలి తీసే పని పడుతుంది.

బండి కదులుతుండగా ఇంజన్ ఆగిపోతే తాళం మాత్రం తీయకండి. తాళం తీస్తే స్టీరింగ్ లాక్ పడవచ్చు. ఇంజన్ ఆగిన క్షణం నుంచి పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు సాయపడే వ్యాక్యూం కూడా కొత్తగా తయారుకాదు, మిగిలి ఉన్నది రెండు మూడు తొక్కుళ్ళకు సరిపోతుంది. కాబట్టి బ్రేకును ఆడించకుండా ఒకే గట్టి తొక్కుడుతో ఎడమవైపుకు తెచ్చి నిలపండి. హ్యాండ్ బ్రేకు వేయండి. ముక్కు ఎక్కుడుకు ఉంటే మొదటి గేరు, దిగుడుకు ఉంటే రివర్స్ గేరు వేసి వదలండి. టైరు కింద రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కకు వేయడం మరిచిపోకండి, రాత్రి వెనక వచ్చే బైకువాడికి అదే గండం.

నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, ఎర్ర త్రికోణాన్ని 50 మీటర్లకు తగ్గకుండా వెనక పెట్టండి. మలుపులో ఆగితే త్రికోణం మలుపుకు అవతల ఉండాలి. ఇవతల పెడితే అది కనిపించేసరికే లారీ మీదికి వచ్చేస్తుంది. ఇతరులకు ప్రమాదమో అడ్డంకో కలిగేలా బండిని రోడ్డు మీద వదిలేయడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం తప్పు. పగలైతే ప్యాసింజర్లను ఎడమ తలుపు నుంచి దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. చీకటి పడ్డాక అడవిలో ఎవరినీ చెట్లలోకి వెళ్ళనివ్వకండి. నల్లమల పులులూ చిరుతలూ తిరిగే చోటు.

ఎంత తేవాలి, దేంట్లో తేవాలి

ఒక లీటరు బాటిల్ బైకుకు సరిపోతుంది, కారుకు చాలదు. ట్యాంకు అడుగున పంపు పీల్చే మూతి మునిగేంత ఇంధనం ఉండాలి. చదునైన చోట కారుకు కనీసం 5 లీటర్లు పోయండి. బండి ఏటవాలుగా నిలిచి ఉంటే పోసింది ఒక మూలకు చేరుతుంది, పీల్చే మూతి ఇంకో మూల ఉండవచ్చు. అలాంటప్పుడు 10 లీటర్లు తెప్పించండి, లేదా నలుగురి సాయంతో బండిని చదునుకు చేర్చి పోయండి.

బంకుల్లో ప్లాస్టిక్ బాటిల్‌కు పెట్రోలు పట్టరు. గట్టిగా బిగుసుకునే మూత ఉన్న, ఇంధనం కోసమే చేసిన క్యాను ఒకటి స్టాండులో నలుగురికీ ఉమ్మడిగా ఉంచుకుంటే ఖర్చు పెద్దది కాదు. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవడానికి 1934 నాటి పెట్రోలియం చట్టం ఒప్పుకుంటుంది. అయినా మనుషులు కూర్చున్న బండిలో పెట్రోలు క్యాను పెట్టుకుని తిరగడం మంచిది కాదు. క్యాను నింపేటప్పుడు బండి మీద పెట్టి పట్టించకండి. నేల మీద పెడితే స్టాటిక్ కరెంటు భూమిలోకి పోతుంది, రవ్వ పుట్టదు.

పంక్చరు కొట్టులోనో చిల్లర కొట్టులోనో దొరికే బాటిల్ పెట్రోలు తప్పనిసరైతేనే వాడండి. అందులో దుమ్మూ నీళ్ళూ ఉండవచ్చు, కల్తీ జరిగి ఉండవచ్చు. జాలీ ఉన్న గరాటుతో పోసి, బంకు రాగానే మంచి ఇంధనం నింపండి. క్యాను తెచ్చే కుర్రాడికి మీ బండి పెట్రోలో డీజిలో ఫోనులో రెండుసార్లు చెప్పండి. పొరపాటున డీజిల్ ట్యాంకులో పెట్రోలు పడితే తాళమే తిప్పకండి, తాళం ఆన్ చేస్తేనే కొన్ని బండ్లలో పంపు తిరగడం మొదలెడుతుంది. ట్యాంకు దించి కడిగిస్తే పోయేది కొంత డబ్బే.

ఇంకొక పని నల్లమలలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఎదురొచ్చిన బండి ట్యాంకులో పైపు పెట్టి నోటితో లాగుతారు. పెట్రోలు గానీ డీజిల్ గానీ గొంతులోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ వాపు వస్తుంది. ఆ జబ్బు ప్రాణం మీదికి తేగలదు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వాంతితో మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు గానీ ఆయాసం గానీ ఏ మాత్రం కనిపించినా 108కి ఫోన్ చేయండి. చిన్న ప్లాస్టిక్ చేతి పంపు డిక్కీలో ఉంటే నోరు పెట్టే పని ఉండదు.

పెట్రోలు కారు

ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, కరెంటుతో తిరుగుతుంది. దాన్ని చల్లబరిచేదీ, నున్నగా తిప్పేదీ పెట్రోలే. రిజర్వు మీదే రోజులు నెట్టుకొచ్చే కార్లలో పంపు తొందరగా పోవడానికి ఒక కారణం ఇదే.

పెట్రోలు పోశాక తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా ఆన్ దగ్గరే ఆపండి. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు గుయ్యిమని శబ్దం వస్తుంది. అది పంపు పెట్రోలును ముందుకు తోస్తున్న చప్పుడు. ఆగగానే తాళం ఆఫ్ చేసి, ఐదు సెకన్లు ఆగి, మళ్ళీ ఆన్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే లైనులోని గాలి పోతుంది. బటన్ స్టార్టు కారైతే బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కండి, ఇంజన్ అందుకోకుండా కరెంటు మాత్రం వస్తుంది. చాలా కార్లలో పూర్తి ఆన్‌కు రెండుసార్లు నొక్కాలి.

తర్వాత సెల్ఫ్ కొట్టండి, ఒక్కసారికి 10 సెకన్లు మించకుండా. అందుకోకపోతే ఒక నిమిషం ఆగండి. స్టార్టయ్యాక కాసేపు కుంటుతుంది, రేసు చేయకుండా ఒకటి రెండు నిమిషాలు స్లోలో వదిలేయండి. ఇంజన్ బొమ్మ లైటు వెలిగితే కంగారు పడనక్కర్లేదు, ఆగి ఆగి మండినప్పుడు అది వెలుగుతుంది, నాలుగైదు ట్రిప్పుల్లో ఆరిపోతుంది. ఆరకపోతే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. తోసి స్టార్ట్ చేయడం ఇక్కడ పనికిరాదు. మండని పెట్రోలు సైలెన్సర్లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని వేడెక్కిస్తుంది.

పాత డీజిల్ బండి, ట్రాక్టరు

డీజిల్ బండికి గాలి ఎందుకంత అడ్డమో తెలిస్తే మిగతా పని సులువు. డీజిల్‌ను అణచలేం, అందుకే పంపు వేసిన ఒత్తిడి నేరుగా నాజిల్ దాకా పోతుంది. గాలిని అణచవచ్చు. పైపులో గాలి బుడగ ఉంటే పంపు ఎంత నెట్టినా ఆ బుడగే కుంచించుకుని మళ్ళీ ఉబ్బుతుంది, నాజిల్ తెరుచుకోదు. దీన్నే మన మెకానిక్కులు ఎయిర్ పట్టిందంటారు.

కంప్యూటర్ లేని పాత జీపు, పాత లారీ, ట్రాక్టరు అయితే గాలిని డ్రైవరే తీసుకోవచ్చు. డీజిల్ పోసి, ఫిల్టర్ నెత్తిన ఉండే ఎయిర్ స్క్రూను పానాతో రెండు చుట్లు వదులు చేయండి. హ్యాండ్ పంపు కొడుతూ ఉండండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగ లేకుండా డీజిల్ ధారగా వచ్చినప్పుడు, పంపు కొడుతూనే స్క్రూ బిగించండి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్ళీ గాలి లాగుతుంది. ఇంజెక్షన్ పంపు మీద కూడా స్క్రూ ఉంటే అక్కడా ఇదే పని. హ్యాండ్ పంపు గట్టిపడి చేతికి ఎదురు తిరిగితే లైను నిండినట్టే. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ పట్టకపోతే నాజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ డీజిల్ చిమ్మగానే బిగించే పద్ధతి ఉంది. అది పాత బండికి మాత్రమే. కింద కారిన డీజిల్‌ను గుడ్డతో తుడిచేయండి, వేడి సైలెన్సర్ మీద పడనివ్వకండి.

కామన్ రైల్ బండి: నట్ ముట్టుకోవద్దు

ఇప్పుడు రోడ్డు మీదున్న డీజిల్ కార్లలో, వ్యాన్లలో దాదాపు అన్నీ కామన్ రైల్ రకమే. ప్రపంచంలో తొలి కామన్ రైల్ కారు 1997లో వచ్చింది, ఆ పద్ధతే మన బొలేరోల దాకా పాకింది. ఇందులో నాజిల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ తీగ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, లోపల చెయ్యి కుళ్ళిపోవచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాబట్టి ఈ బండ్లలో ఇంజన్ మీది పైపు నట్లు వదులు చేసే పని డ్రైవరుది కాదు.

మీరు చేయగలిగింది ఫిల్టర్ దాకా. చాలా బండ్లకు ఫిల్టర్ మీద నొక్కే గుండీ గానీ, పైపు మధ్యలో రబ్బరు బుడ్డి గానీ ఉంటుంది. దాన్ని గట్టిపడేదాకా నొక్కండి, ఇరవై ముప్పై నొక్కులు పట్టవచ్చు. చేతి పంపు లేని మోడల్లో ట్యాంకులో కరెంటు పంపు ఉంటే పెట్రోలు కారుకు చెప్పినట్టే తాళం ఆన్, ఆఫ్ చేయండి. మీ బండికి ఏది ఉందో రోడ్డు మీద వెతకడం కష్టం. ఇవాళే బానెట్ ఎత్తి చూడండి, లేదంటే సర్వీసింగుకు ఇచ్చినప్పుడు మెకానిక్‌తో చూపించుకోండి.

తర్వాత సెల్ఫ్ 10 సెకన్లు, ఒక నిమిషం విరామం. ఈ విరామం ఇక్కడ మరీ ముఖ్యం. పెద్ద ఒత్తిడి పుట్టించే పంపుకు డీజిలే నూనె. డీజిల్ లేకుండా పొడిగా తిప్పితే లోపల లోహం లోహాన్ని రాసుకుంటుంది. రాలిన పొడి నాజిళ్ళదాకా పోతుంది. ఐదు ప్రయత్నాల్లో అందుకోకపోతే ఆపేయండి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 లారీల్లో, కొన్ని పెద్ద బండ్లలో డీజిల్‌తో పాటు డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం కూడా ఉంటుంది. అది అయిపోతే ముందు హెచ్చరిక వస్తుంది, తర్వాత లాగుడు తగ్గుతుంది, చాలా బండ్లు ఆపాక మళ్ళీ స్టార్టు కావు. నీలం మూత ఉన్న ఆ ట్యాంకులో నీళ్ళు పోస్తే, లేదా ఆ ద్రావణాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే, రిపేరు బిల్లు డీజిల్ అయిపోయిన నష్టాన్ని ఎన్నో రెట్లు మించిపోతుంది.

అప్పటికీ పట్టకపోతే

సైలెన్సర్ వైపు ఒక మనిషిని నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ బండికి తెల్ల పొగ వస్తుంటే డీజిల్ ఇంజన్‌లోకి చేరుతోంది, ఇంకో రెండు ప్రయత్నాల్లో పట్టవచ్చు. పొగ అసలే రాకపోతే డీజిల్ చేరలేదు. మళ్ళీ గాలి తీయడానికే వెళ్ళండి. పెట్రోలు కారులో తాళం ఆన్ చేసినా గుయ్యిమనే చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి, అది బాగుంటే పంపు పోయి ఉండవచ్చు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే గాలి సంగతి తర్వాత, ముందు బ్యాటరీ సంగతి చూడాలి. పోసిన కొద్దిసేపటికే మళ్ళీ జర్కులు వస్తే ట్యాంకు అడుగు మడ్డి ఫిల్టర్‌లో చేరిందేమో చూపించండి. ఇంజన్‌లోకి మంట రేపే స్ప్రే కొట్టించవద్దు. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ బండిలో అది పేలగలదు.

టోచన్ కట్టాల్సి వస్తే ఘాటు దిగుడులో తాడుతో కట్టకండి. ఇంజన్ లేని బండికి బ్రేకు సరిగా పట్టదు, ముందు బండినే గుద్దుతుంది. కదిలించే ముందు తాళం ఆన్‌లో ఉంచండి, స్టీరింగ్ లాక్ పడకుండా. జాతీయ రహదారి మీద 1033కి, ప్రమాదం ఉన్న చోట 112కి చేయవచ్చు. బండి కంపెనీ రోడ్డు సాయం నంబరు, బీమా పాలసీలో ఉంటే ఆ నంబరు ఫోనులో ముందే రాసుకోండి. అడవిలో సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి, ఎదురొచ్చిన బండి డ్రైవరుకు ఓనరు నంబరు కాగితం మీద రాసి ఇచ్చి పంపడం నేటికీ నమ్మకమైన దారే.

ఓనరుకు, ప్యాసింజరుకు ఏం చెప్పాలి

డీజిల్ అయిపోయిందన్న మాట దాచి ‘ఇంజన్ ట్రబుల్’ అంటే మెకానిక్ వస్తాడు, డీజిల్ రాదు. ఓనరుకు ఫోన్లో చెప్పాల్సినవి నాలుగే: ఎక్కడున్నారు, ఏమైంది, ఏం కావాలి, ప్యాసింజర్లు ఎలా ఉన్నారు. ‘అన్నా, దిగువమెట్ట దాటాక ఆగాం, డీజిల్ అయిపోయింది, పది లీటర్లు కావాలి, అందరం క్షేమం’ అంటే చాలు. ప్యాసింజర్లకు అబద్ధపు టైము చెప్పకండి. ‘అమ్మా, గంట పట్టేలా ఉంది, ఆలోపే కదిలితే సంతోషం’ అంటే ఎదురుచూస్తారు. పది నిమిషాలని చెప్పి గంట కూర్చోబెడితేనే కిరాయి డబ్బుల దగ్గర గొడవ. పేషెంటు ఉంటే మొహమాటపడకుండా వేరే బండి ఎక్కించండి, ఆలస్యం చేయకుండా 108కి చేయండి.

కిరాయి ముగిశాక బిల్లు, రీడింగు రాసి ఓనరుకు ఇవ్వండి. ఎవరి తప్పు వల్ల ఎంత ఖర్చయిందో ఆ రోజే తేల్చుకుంటే, నెలాఖరు జీతంలో కోత మీద వాదన ఉండదు. డీజిల్ చూపే ముల్లు పాడై ఉంటే ముందే చెప్పి, ఆ మాట మెసేజ్‌గా పంపి ఉంచండి.

ఘాటెక్కే ముందు లెక్క

దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, మధ్యలో బంకు మీద ఆశ పెట్టుకోకూడని అడవి. పైగా ఆ దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, తొమ్మిదిలోపు గేటు దాటకపోతే రాత్రంతా నిలబడాలి. పోనూ రానూ 100 కిలోమీటర్లు, ఘాట్లో లీటరుకు 10 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 10 లీటర్లు. శివరాత్రి రద్దీ, ఏసీ, నిండు లోడు, జామ్‌లో తిరుగుతూ ఉండే ఇంజన్ తాగేది కలిపి మరో 5. మొత్తం 15 లీటర్లు, అంటే 60 లీటర్ల బొలేరో ట్యాంకులో సరిగ్గా పావు వంతు. గిద్దలూరు నుంచి నంద్యాల సుమారు 60 కిలోమీటర్లకు కూడా ఇదే లెక్క కట్టండి. ఎక్కుడులో ముల్లు అబద్ధం చెబుతుంది. చదునులో బండి నిలిపి చూడండి.

ఘాటు దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్లో వదలడం డీజిల్ మిగిల్చే తెలివి కాదు. ఇంజెక్షన్ బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దానంతటదే ఆగిపోతుంది, పైగా ఇంజన్ బ్రేకు సాయం దొరుకుతుంది. న్యూట్రల్లో మిగిలేది వేడెక్కిన బ్రేకు షూలే.

కొందరు ఓనర్లు రోజుకు ఐదొందల డీజిలే పోయిస్తారు, కొందరు డ్రైవర్లు బత్తాలో మిగలాలని తక్కువ పట్టిస్తారు. ఇద్దరికీ అడవిలో ఒకే బిల్లు పడుతుంది. కిరాయి ఒప్పుకునేటప్పుడే అనండి: ‘అన్నా, దోర్నాల్లో గానీ గిద్దలూరులో గానీ పావు ట్యాంకుకు తగ్గితే బంకు దగ్గర ఆగుతా, ఆ డబ్బు ట్రిప్పు లెక్కలో రాస్తా.’ ఒప్పుకున్న ఓనరు దగ్గర పనిచేయండి. ఒప్పుకోకపోతే, ఆ కిరాయి ఇంకొకరికి ఇవ్వమని చెప్పే హక్కు మీకుంది.